మళ్ళీ బడికి – బందరు, గుడివాడ, దివిసీమ పిల్లల చదువు కథ



ప్రతి ఏడాదీ ఈ నివేదికలో మన పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత వచ్చింది, వాయిదాలు ఎంతవరకు కట్టాం అని రాసుకుంటాం. ఈసారి కార్యవర్గం వాళ్ళు నన్ను పిలిచి, "బడి మానేసిన పిల్లల కోసం ఇల్లిల్లూ తిరిగావు కదా, ఆ సంగతి రాసివ్వు. మన ప్రాంతంలో పూర్వం ఎలా ఉండేదో కూడా కలిపి రాయి" అన్నారు. నేను చదివింది పదో తరగతి. చరిత్ర రాయమంటే ముందు భయమేసింది. తర్వాత పెద్దవాళ్ళను అడిగాను, రిటైరైన మాస్టార్లను అడిగాను, లైబ్రరీలో కూర్చుని పాత సంగతులు రాసుకున్నాను. నేను పుట్టింది దివిసీమలో, నన్నిచ్చింది బందరు దగ్గర ఊళ్ళో, మా ఆడపడుచు వాళ్ళుండేది గుడివాడ పక్క. అందుకని మూడు చోట్ల సంగతులూ నాకు కొంత తెలుసు. తప్పులుంటే మన్నించండి.

నాగా అంటే ఎంత నష్టం

బడిలో పేరే లేని పిల్లలు మన ఊళ్ళలో ఇప్పుడు తక్కువ. పేరుండి, బడికి సరిగా రాని పిల్లలు ఎక్కువ. హాజరుపట్టీలో పేరుంటుంది, యూనిఫాం ఉంటుంది, పుస్తకాల సంచీ గూట్లో వేలాడుతూ ఉంటుంది. పిల్ల మాత్రం వారంలో రెండు రోజులు ఇంటికాడే. అడిగితే తల్లి "ఎందుకెళ్ళట్లేదు, వెళ్తానే ఉందిగా" అంటుంది. అబద్ధం చెప్పాలని కాదు, ఆమె నిజంగానే అలా అనుకుంటుంది.

ఒక చిన్న లెక్క వేసుకుందాం. లెక్కలు మనకు కొత్తకాదు కదా. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 రోజులు బడి నడవాలని చట్టం. నెలకు ఐదు రోజులు నాగా పెడితే పది నెలలకు 50 రోజులు. అంటే ఆ పిల్ల 170 రోజులు వచ్చినట్టు. నూటికి 75 హాజరుండాలంటే 165 రోజులు చాలు. కాబట్టి ఆ పిల్లకు హాజరు సరిపోయింది, ప్రభుత్వ డబ్బు కూడా పడుతుంది. కానీ రెండు నెలల పాఠాలు పోయాయి. ప్రతి ఏడాదీ రెండు నెలలంటే, ఆరు నుంచి పది దాకా ఐదేళ్ళలో పది నెలలు. ఒక తరగతి మొత్తం పోయినట్టే. పదో తరగతిలో ఫెయిలైనప్పుడు "మా పిల్లకు బుర్ర లేదు" అనుకుంటాం. బుర్ర ఉంది. మనం పోగొట్టింది ఏడాది చదువు.

బందరులో బెంచీలు ఖాళీ అయిన సంవత్సరం

మన బందరుకు చదువుల ఊరని పేరు. 1843 నవంబరులో రాబర్ట్ నోబుల్ అనే దొర ఇక్కడ ఇంగ్లీషు బడి తెరిచాడు. నోబుల్ కాలేజీ అని మనం పిలిచేది ఆ పేరుతోనే. ఆ బడి ముఖ్యంగా పెద్ద కులాల మగపిల్లల కోసం పెట్టింది. 1852లో అందులో చదివే ఇద్దరు కుర్రాళ్ళు క్రైస్తవ మతం తీసుకున్నారు. ఊరంతా గగ్గోలైంది. తల్లిదండ్రులు పిల్లలను బడి మాన్పించేశారు. నిండుగా ఉన్న బడి ఒక్కసారిగా ఖాళీ అయిపోయింది. తర్వాత మెల్లమెల్లగా మళ్ళీ నిండింది.

ఈ సంగతి తెలిసినప్పుడు నేను ఆలోచించింది మతం గురించి కాదు. పిల్లవాడు బడికి వెళ్ళాలా వద్దా అన్నది పిల్లవాడి చేతిలో లేదు. పెద్దవాళ్ళకు భయం వేసినా, కోపం వచ్చినా, అవసరం పడినా ఆగేది పిల్లల చదువే. 170 ఏళ్ళ కిందటి సంగతి ఇది. ఇప్పటికీ అంతే.

1864 నవంబరు 1న బందరు మీద పెద్ద ఉప్పెన పడింది. సుమారు 30,000 మంది చనిపోయారని రాశారు. అంతమంది పోయిన ఊళ్ళో బడి గురించి ఎవరు అడుగుతారు? మన ప్రాంతపు చదువు కథలో సముద్రం కూడా ఒక భాగమేనని పెద్దవాళ్ళు అనేది ఇందుకే.

1910లో ఇదే బందరులో కోపల్లె హనుమంతరావు గారు, ముట్నూరి కృష్ణారావు గారు, పట్టాభి సీతారామయ్య గారు కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. పుస్తకం చదువుతోపాటు చేతిపనులు కూడా నేర్పాలని వాళ్ళ ఆలోచన. పిల్లవాడి చదువు ఇంటి బతుకుకు దూరం కాకూడదని అప్పుడే అనుకున్నారన్నమాట.

మనకంటే ముందు ఒక మహిళా సంఘం

ఇంతవరకు చెప్పిందంతా ఎక్కువగా మగపిల్లల కథ. ఆడపిల్లలకు నాగా పెట్టే అవకాశం కూడా లేదు. బడిలో పేరుంటే కదా నాగా!

మన కృష్ణా జిల్లాలో 1874లో పుట్టిన భండారు అచ్చమాంబ గారి సంగతి మనందరం తెలుసుకోవాలి. ఆమె బడికి వెళ్ళి చదువుకోలేదు. చిన్నతనంలోనే పెళ్ళి చేశారు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు గారు చదువుకుంటుంటే పక్కన కూర్చుని తనూ నేర్చుకున్నారు. అలా నేర్చుకున్న ఆమె తర్వాత కథలు రాశారు, గొప్ప స్త్రీల చరిత్రలన్నీ వెతికి పుస్తకంగా వేశారు. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబ గారితో కలిసి బందరులో బృందావన స్త్రీల సమాజం పెట్టారు. ఆడవాళ్ళు ఒకచోట కూర్చుని చదువుకోడానికి, మాట్లాడుకోడానికి పెట్టిన సంఘం అది. 1905లో చిన్న వయసులోనే ఆమె కన్నుమూశారు.

మనం నెలకు రెండుసార్లు చాప పరుచుకుని కూర్చుంటాం కదా, 120 ఏళ్ళ కిందట మన బందరులోనే ఆడవాళ్ళు అలా కూర్చున్నారు. వాళ్ళు డబ్బు పొదుపు చేశారో లేదో నాకు తెలీదు. చదువును మాత్రం ఒకరి నుంచి ఒకరికి అందించారు. ఇది తెలిసిన రోజు నాకు చాలా ధైర్యం వచ్చింది.

చదువు ఆగినా దాని విలువ మరవనివాళ్ళు

ఉయ్యూరు దగ్గర ముదునూరు ఉంది కదా. 1940లో గోరా గారు అక్కడికొచ్చి వయోజన విద్య మొదలుపెట్టారు. అంతకుముందు ఆయన బందరు కాలేజీలో లెక్చరరు. దేవుడు లేడన్నందుకు ఉద్యోగం పోయింది. ఆయన మాటలు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, పగలంతా పొలంలో ఉన్నవాడికి కూడా చదువు అందాలన్న ఆలోచన గొప్పది. కూలికెళ్ళే పిల్లకు సాయంత్రం పాఠం చెప్పించడం మేం కనిపెట్టింది కాదు, అప్పటి నుంచీ ఉంది.

గుడివాడ దగ్గర రామాపురంలో పుట్టిన అక్కినేని నాగేశ్వరరావు గారి చదువు కూడా చిన్న తరగతులతోనే ఆగిపోయింది. ఇంటి పరిస్థితి అలాంటిది. ఆయన పెద్ద నటుడయ్యాక గుడివాడ కాలేజీకి విరాళం ఇచ్చారు. ఆ కాలేజీకి ఇప్పుడు ఆయన పేరే. "నాగేశ్వరరావు చదివాడా, ఏంటి?" అని మన ఊళ్ళలో కొంతమంది మగవాళ్ళు బడి మానిన కొడుకుని వెనకేసుకొస్తారు. వాళ్ళకు నేను చెప్పే జవాబు ఒకటే: ఆయన చదవలేదు, అందుకే కాలేజీకి డబ్బులిచ్చాడు.

1977 నవంబరు 19

ఇది మా ఇంటి కథ. దివిసీమలో చాలా ఇళ్ళ కథ.

ఆ రోజు శనివారం. మా అమ్మకు ఎనిమిదేళ్ళు, మూడో తరగతి చదువుతోంది. వాళ్ళది నాగాయలంక పక్క. గాలి పొద్దుటి నుంచే ఎక్కువగా ఉందంట. తర్వాత తాటిచెట్లంత ఎత్తున నీళ్ళొచ్చాయని చెబుతుంది. అమ్మమ్మ, అమ్మ, చంకలో రెండేళ్ళ మా మేనమామ ఒక డాబా మీద ఉండి బతికారు. పశువులను విప్పడానికి వెళ్ళిన తాతయ్య తిరిగి రాలేదు. ఆ ఉప్పెనలో సుమారు పదివేల మంది పోయారని లెక్క. సొర్లగొంది లాంటి ఊళ్ళలో ఇంటికొకరన్నా మిగల్లేదని చెప్పుకుంటారు. అవనిగడ్డ వైపు వెళ్ళేటప్పుడు పులిగడ్డ దగ్గర ఆ స్మారకం చూసే ఉంటారు.

కొన్నాళ్ళకు బడి మళ్ళీ తెరిచారు. మా అమ్మ వెళ్ళలేదు. తాతయ్య లేడు, అమ్మమ్మ కూలికెళ్ళాలి, మేనమామను ఎవరో ఒకరు చూసుకోవాలి. "కొన్నాళ్ళు ఇంటికాడ ఉండవే" అంది అమ్మమ్మ. మా అమ్మ ఇప్పుడు కూడా నవ్వుతూ అంటుంది, "ఆ కొన్నాళ్ళు ఇంకా అయిపోలేదే అమ్మాయ్" అని. నవ్వుతూనే అంటుంది గానీ ఆ మాట వింటే నాకు ఏదోలా ఉంటుంది. మా అమ్మ సంతకం నేర్చుకుంది డ్వాక్రా గ్రూపులో చేరాకే.

ఉప్పెన తర్వాత తీరం పొడవునా తుఫాను షెల్టర్లు కట్టారు. వాటిలో చాలా వాటిని మామూలు రోజుల్లో బడిగా వాడుకునేలా కట్టారు. గాలి వస్తే ప్రాణం కాపాడేదీ, మామూలప్పుడు చదువు చెప్పేదీ ఒకే కట్టడం. ఆ ఆలోచన చేసినవాళ్ళకు దండం పెట్టాలి. కాకపోతే గోడలు కట్టినంత మాత్రాన మా అమ్మలాంటి పిల్ల బడికి రాలేదు. చంకలో తమ్ముడున్నాడు కదా!

నెల్లూరు ఆడవాళ్ళు, రంగారెడ్డి పిల్లలు

1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం అని అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. రాత్రిళ్ళు చదువుకోడానికి కూర్చున్న ఆడవాళ్ళు తమ కష్టం గురించి మాట్లాడుకున్నారు. దూబగుంట నుంచి సారా మీద పోరాటం లేచింది. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారా నిషేధించింది. ఆ ఆడవాళ్ళే పొదుపు కూడా మొదలుపెట్టారు. మన పొదుపు సంఘాలకు అక్షరాలతో చుట్టరికం ఉందని చెప్పడానికే ఇది రాస్తున్నా.

అదే 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా గారు, ఎం.వి. ఫౌండేషన్ వాళ్ళు పనిలో ఉన్న పిల్లలను బడికి తెచ్చే పని మొదలుపెట్టారు. వాళ్ళ మాట సూటిగా ఉండేది: బడిలో లేని ప్రతి పిల్లా, ఇంటికాడ ఉన్నా సరే, పని చేస్తున్నట్టే లెక్క. పొలంలో కూలికెళ్ళే పిల్లనే కాకుండా తమ్ముణ్ణి ఆడించే పిల్లను కూడా వాళ్ళు లెక్కలోకి తీసుకున్నారు. వెనకబడిన పిల్లలను శిబిరంలో పెట్టి కొన్ని నెలలు చదివించి, వాళ్ళ వయసుకు తగిన తరగతిలో చేర్చేవాళ్ళు. పన్నెండేళ్ళ పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుతో మళ్ళీ మానేస్తుందని వాళ్ళకు తెలుసు. 2003లో శాంతా సిన్హా గారికి మెగసెసే అవార్డు వచ్చింది. 1990ల చివర్లో మన రాష్ట్ర ప్రభుత్వం కూడా 'మళ్ళీ బడికి' అని శిబిరాలు పెట్టింది. నేను ఈ వ్యాసానికి ఆ పేరే పెట్టుకున్నాను.

బియ్యం, అన్నం, చట్టం, డబ్బు

నేను చిన్న తరగతుల్లో ఉన్నప్పుడు బడి నుంచి నెలకు మూడు కిలోల బియ్యం ఇచ్చేవాళ్ళు. 1995లో వచ్చిన పథకం అది. నూటికి 80 రోజులు హాజరుంటేనే బియ్యం. బియ్యం తీసుకెళ్ళే రోజున తరగతి నిండుగా ఉండేది!

సుప్రీంకోర్టు 2001లో వండిన అన్నమే పెట్టాలని చెప్పింది. మన రాష్ట్రంలో 2003 జనవరి నుంచి మధ్యాహ్న భోజనం మొదలైంది. వండేది ఎవరు? మన గ్రూపు వాళ్ళే. ఇప్పటికీ మన సభ్యులు ఎంతోమంది పొయ్యి దగ్గర నిలబడి వండుతున్నారు. బిల్లులు ఆలస్యమైనప్పుడు కొట్లో అప్పు పెట్టి మరీ వండారు. పిల్ల రాకపోతే ముందు తెలిసేది కూడా వాళ్ళకే, ఒక ప్లేటు మిగులుతుంది కాబట్టి.

2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలందరికీ చదువు హక్కు. ఇందులో మనకు పనికొచ్చే మాటలు రెండు గుర్తుపెట్టుకోండి. ఎనిమిదో తరగతి అయ్యేదాకా పిల్లను బడి నుంచి తీసేయడానికి వీల్లేదు. మధ్యలో మానేసి వచ్చిన పిల్లను వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని, వెనకబడిన చదువు ప్రత్యేకంగా చెప్పాలి.

2020 జనవరిలో అమ్మ ఒడి వచ్చింది, తల్లి ఖాతాలో 15,000 రూపాయలు. 2025లో తల్లికి వందనం వచ్చింది. డబ్బు తల్లి పేరున పడటం మంచిదే. కానీ మొదట్లో చెప్పిన లెక్క మరవొద్దు. డబ్బు పడింది కదా అని చదువు కూడా పడిందనుకోవద్దు.

మధ్యలో కరోనా. 2020 మార్చిలో మూసిన బడులు తొమ్మిది, పది తరగతులకు నవంబరు 2న తెరిచారు. ఐదో తరగతి లోపు పిల్లలకు 2021 ఫిబ్రవరి 1 దాకా బడి లేదు. తెరిచిన రెండు నెలలకు రెండో విడత కరోనా వచ్చి మళ్ళీ మూశారు. ఆగస్టు 16న మళ్ళీ తెరిచారు. ఇంట్లో ఒక్క ఫోను, అది కూడా నాన్న జేబులో. ఆ రెండేళ్ళలో పిల్లలకు బడికి వెళ్ళే అలవాటే పోయింది.

మన ఊళ్ళలో నాగాల క్యాలెండరు

మేం ఇల్లిల్లూ తిరిగాక ఒక సంగతి తెలిసింది. నాగాలు ఎప్పుడు పడితే అప్పుడు పడవు. వాటికీ కాలాలున్నాయి.

జూన్ 12 ప్రాంతంలో బడి తెరుస్తారు. రెండు నెలల వేట నిషేధం జూన్ 14తో అయిపోతుంది. బోట్లు సముద్రం మీదికి వెళ్ళగానే తల్లి చేపల గంపెత్తుకుంటుంది, పెద్దపిల్ల ఇంటికాడ. జులై, ఆగస్టుల్లో ఊడ్పులు. తల్లి తెల్లారకముందే ముఠాతో వెళ్తుంది, అంగన్‌వాడీ తెరిచేది తొమ్మిదింటికి. మధ్యలో మూడు గంటలు పసిపిల్లను ఎవరు చూడాలి? పెద్దపిల్ల. తొమ్మిదింటికి వదిలేసి బడికెళ్దామంటే అప్పటికి హైస్కూలు ఆటో వెళ్ళిపోతుంది.

నవంబరు, డిసెంబరుల్లో కోతలు. ఉయ్యూరు వైపు చెరకు నరుకుడు. సంక్రాంతి తర్వాత మినుము. సంక్రాంతి సెలవులకని బడి మానిన పిల్లలు కొంతమంది మినుము అయ్యేదాకా తిరిగి రారు. ఇది కాక ఏడాది పొడవునా ఉండేవి వేరే. గుడివాడ, ముదినేపల్లి వైపు చేపల చెరువు గట్ల మీద పాకల్లో కాపలా ఉండే కుటుంబాలున్నాయి. ఆ గట్టు నుంచి బడి మూడు నాలుగు కిలోమీటర్లు, వానకాలం కాలు పెడితే జారుతుంది. మా ఆడపడుచు వాళ్ళది అదే పరిస్థితి. బందరులో రోల్డ్‌గోల్డ్ పని ఇంటింటికీ వస్తుంది. కూర్చుని రాళ్ళు అతికించే పనే కదా, పిల్లల చేతులు సన్నగా ఉంటాయి కదా అని ఒక రోజు కూర్చోబెడతాం. ఆ ఒక రోజు మూడు రోజులవుతుంది. దివిసీమలో ఎదురుమొండిలాగా పడవ దాటాల్సిన ఊళ్ళున్నాయి, గాలి ఎక్కువగా ఉంటే ప్రయాణం ఆగిపోయినట్టే.

ఇంకొకటి ఆడవాళ్ళం మనమే పైకి అనం. ఏడో తరగతి దాటిన ఆడపిల్ల నెలకు నాలుగైదు రోజులు బడి మానేది నెలసరికి. నేను మొదట వేసిన 50 రోజుల లెక్క ఇదే. 2021 అక్టోబరు నుంచి ప్రభుత్వ బడుల్లో ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా ఆడపిల్లలకు నెలకు పది న్యాప్‌కిన్లు ఇచ్చేలా 'స్వేచ్ఛ' అని మొదలుపెట్టారు. న్యాప్‌కిన్లు ఉన్నా, మరుగుదొడ్డిలో నీళ్ళు రాకపోతే, తలుపుకు గడియ లేకపోతే పిల్ల బడికి రాదు. ఈ మాట తల్లుల మీటింగులో మనం లేచి అడగాలి, మగవాళ్ళు అడగరు.

మా గ్రూపులో జరిగింది

ఇప్పుడు మా సంగతి చెబుతాను. ముందు మా తప్పు చెప్పాలి.

మా గ్రూపులో మీటింగుకు రాకపోతే పది రూపాయల జరిమానా. ఎవరూ మానకుండా వస్తున్నారని నాకు గర్వంగా ఉండేది. ఒకరోజు వాయిదా ఆలస్యమైన ఒక అక్క ఇంటికి వెళ్ళాను. ఎనిమిదో తరగతి చదివే ఆమె కూతురు గుమ్మంలో తమ్ముడికి అన్నం పెడుతోంది. "బడికెళ్ళలేదా అమ్మా?" అంటే, "మీ మీటింగుంటే అమ్మ పని నుంచి రెండింటికే వచ్చేస్తది పిన్నీ. ఆ కూలి తగ్గిద్దని ముందురోజు ఎక్కువసేపు ఉంటది. ఆ రోజు నేను ఉంటాను" అంది. వాళ్ళమ్మ రొయ్యల షెడ్డులో తలకాయలు తీసే పనికి వెళ్తుంది. మొదట మీటింగు కోసం రెండు రోజులు, తర్వాత వారానికి రెండు రోజులు, చివరికి ఆ పిల్ల దసరా నుంచి బడి మొహమే చూడలేదు. గుమ్మంలో ఆ పిల్లను చూస్తే నాకు మా అమ్మే గుర్తొచ్చింది. ఉప్పెన లేదు, ఇంట్లో ఎవరూ పోలేదు. అయినా అదే చంక, అదే తమ్ముడు.

ఆ పిల్లను బడికి తీసుకెళ్ళాం. ఆ బడిలో పెద్దసారు, "ఇన్నాళ్ళు ఎక్కడున్నావు? మీ నాన్నను తీసుకురా, అప్పుడు కూర్చుందువు" అని వెనక్కి పంపారు. నాన్న పని మీద వేరే ఊళ్ళో ఉన్నాడు. ఆ పిల్ల మళ్ళీ పది రోజులు వెళ్ళలేదు. ధైర్యం చేసి వచ్చిన పిల్లను గుమ్మంలో నుంచి వెనక్కి పంపితే రెండోసారి తేవడం పదింతలు కష్టం. ఈసారి గ్రామ సంఘం నుంచి ఐదుగురం వెళ్ళాం. గొడవ పడలేదు. చట్టం మాట మర్యాదగా చెప్పాం. "నాన్న వచ్చేదాకా మేమే పూచీ" అని కాగితం మీద రాసి సంతకాలు పెట్టాం. సారు కూడా మెత్తబడ్డారు, వాళ్ళకూ పైనుంచి హాజరు ఒత్తిడి ఉంటుంది కదా.

అయినా పిల్ల కదల్లేదు. నేను ఒంటరిగా అడిగితే చివరికి చెప్పింది, "లెక్కల్లో నాకేం అర్థంకాదు పిన్నీ. అందరూ నవ్వుతారు." అసలు సంగతి అది. తల్లిని తిట్టాం, బడిని అడిగాం, పిల్ల భయం ఏంటో మాత్రం అప్పటిదాకా ఎవరం అడగలేదు.

నాకు మా ఏడో తరగతి గుర్తొచ్చింది. అప్పట్లో ఏడుకు పబ్లిక్ పరీక్ష ఉండేది. మినుముకు వెళ్ళి నేను నెల రోజులు మానేశాను. మా సారు సైకిలేసుకుని పొలం గట్టుకొచ్చాడు. తిట్టలేదు. "నువ్వు మానిన పాఠాలు నాలుగే. నాలుగు సాయంత్రాలు రా, అయిపోతాయి" అన్నాడు. నాలుగు అనేసరికి నాకు కొండ దిగిపోయినట్టయింది. ఆ సారు రాకపోతే ఈ వ్యాసం రాసేదాన్ని కాదు.

అదే పని మేమూ చేశాం. మా వీధిలో డిగ్రీ చదివే అమ్మాయి సాయంత్రం గంటసేపు లెక్కలు చెప్పింది. పసివాణ్ణి చూసుకోడానికి వంతులు పెట్టుకున్నాం. పనికి వెళ్ళని పెద్దవాళ్ళు, ఇంట్లో ఉండే సభ్యులు, పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా ఒక్కో వారం ఒక్కొక్కరు. తొమ్మిదికి అంగన్‌వాడీలో దింపాలి. మొదటి వంతు ఎవరు తీసుకున్నారో తెలుసా? మా అమ్మ. అప్పుడు నా దగ్గర ఉంటోంది. "నాకు అప్పుడు ఎవరన్నా ఈ సాయం చేసుంటే..." అని మాట మధ్యలో ఆపేసి పిల్లాణ్ణి ఎత్తుకుంది.

మీటింగు సాయంత్రం ఏడింటికి మార్చాం. జరిమానా తీసేశాం. ఆ పిల్ల ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఇప్పటికీ అప్పుడప్పుడు నాగా పెడుతుంది, కానీ రెండో రోజు ఎవరో ఒకరం గుమ్మంలో ఉంటాం.

అన్నీ ఇలా అయ్యాయని అనుకోవద్దు. ఇంకొక ఊళ్ళో తొమ్మిదో తరగతి పిల్ల సంక్రాంతి తర్వాత రావడం లేదని తెలిసింది. చుట్టాలింటికి వెళ్ళిందన్నారు. మేం నమ్మి ఊరుకున్నాం. నెల తర్వాత తెలిసింది, ఆ పిల్లకు పెళ్ళయిపోయింది. తల్లి మన సభ్యురాలే. పెళ్ళి ఖర్చుకు తెచ్చిన డబ్బు గ్రూపు అప్పు, తీర్మానంలో గేదె అని రాశాం. ఆ తీర్మానం పుస్తకంలో నా సంతకం ఉంది. ఇది రాయకుండా ఉండొచ్చు, కానీ నివేదిక అంటే లాభం ఒక్కటే రాసేది కాదు కదా. అప్పు ఎందుకో ఒక్క మాట గట్టిగా అడిగి ఉంటే, పిల్ల మూడు రోజులు రానప్పుడే వెళ్ళి ఉంటే, 1098కు ఒక్క ఫోను చేసి ఉంటే...

చివరగా

ఈ కథంతా చూస్తే నాకు అర్థమైంది ఇది. 1852లో బందరు బడి ఖాళీ అయింది భయంతో. 1977లో మా అమ్మ బడి ఆగింది ఉప్పెనతో. ఇప్పుడు ఆగుతున్నది ఊడ్పులకు, రొయ్యల షెడ్డుకు, నెలసరికి, మన మీటింగులకు. కారణం మారినా పిల్ల ఒక్క రోజులో మానదు. ఒకటి, రెండు, నాలుగు రోజులుగా మానుతుంది. ఆ మొదటి రెండు రోజుల్లో పట్టుకుంటే తేలిక. పది రోజులైతే సిగ్గు, నెలయితే భయం, ఏడాదయితే పెళ్ళి.

అందుకని ప్రతి గ్రూపునూ నేను కోరేది నాలుగు మాటలు. ఒకటి, మీటింగులో పొదుపు లెక్క అవ్వగానే "ఈ పదిహేను రోజుల్లో మన పిల్లల్లో ఎవరు నాగా పెట్టారు, ఎందుకు?" అని అడిగి పుస్తకంలో రాయండి. తిట్టడానికి కాదు. రెండు, వరసగా మూడు రోజులు రాకపోతే ఇద్దరు సభ్యులు ఇంటికి వెళ్ళండి, తల్లితోపాటు పిల్లతో కూడా విడిగా మాట్లాడండి. మూడు, ఊడ్పులు, కోతలు, మినుము నెలల్లో పసిపిల్లలకు వంతులు పెట్టుకోండి. నాలుగు, తిరిగొచ్చిన పిల్లను బడి గుమ్మం దాకా కాదు, బెంచీ దాకా దింపండి. మానిన పాఠాలు ఎన్నో లెక్కగట్టి చెప్పండి. లెక్క తెలిస్తే భయం తగ్గుతుంది, అప్పు విషయంలో మనకు తెలిసిందే కదా.

మొన్న మా అమ్మ వంతు అయిపోయి ఇంటికొచ్చి, మా అబ్బాయి పలక తీసుకుని ఏదో రాస్తోంది. చూస్తే తన పేరు కాదు, వాళ్ళ తమ్ముడి పేరు. "మూడో తరగతి దాకా నేర్చుకున్న అక్షరాలు, మర్చిపోలేదులే" అంది.